తాతయ్య పక్కన ఉన్నది ఏ కారు? వెనక గోపురం ఏ ఊరిది?

పొగతోట_అమ్మాయి
అమ్మమ్మగారి పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే రేకు పెట్టె అడుగున ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. పోస్టుకార్డులో సగం ఉంటుంది. ఫోనుతో తీసి ఇక్కడ పెట్టాను, మసకగా వచ్చింది కాబట్టి కనిపించేవి నేనే చెబుతాను. తాతయ్య తెల్ల పంచెతో కారు పక్కన నిలబడి ఉన్నారు. అమ్మమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె వైపు తలుపు తెరిచి ఉంది. తలుపు పిడికి ఏదో గుడ్డ కట్టి ఉంది, పూజ గుడ్డ అనుకుంటాను. కారు వెనక నీళ్లు, నీళ్లకు అవతల ఒక గోపురం. నంబరు పలకకు బంతిపూల దండ అడ్డం వచ్చింది, చివర 47 మాత్రమే కనిపిస్తోంది. ఫొటో వెనక పెన్సిలుతో తాతయ్య చేతిరాత: 'కారు వచ్చిన మూడో రోజు. కనుమ.' సంవత్సరం రాయలేదు.

మామయ్య అది అంబాసిడర్ అంటున్నారు. అమ్మ ఫియట్ అంటోంది. తాతయ్య పోయి పదిహేనేళ్లు దాటింది. అమ్మమ్మకు 84 ఏళ్లు, బెంగళూరులో పెద్దమామయ్య దగ్గర ఉంది, ఫోనులో సరిగా వినపడదు. ఏ కారు, ఏ ఊరు, ఏ కాలం? తెలిసినవారు చెప్పండి.

స్పానర్_సెట్టు
అంబాసిడర్ కాదు. మీ అమ్మగారే గెలిచారు.

ట్రంకురోడ్డు
ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? కారణం చెప్పండి. నాకు ఆ బానెట్ గుండ్రం చూస్తే అంబాసిడర్ లాగే ఉంది.

స్పానర్_సెట్టు
బానెట్ వదిలేసి తలుపు చూడండి. అంబాసిడర్‌కు నాలుగు తలుపులూ ముందువైపు బందులతో ఉంటాయి, వెనక అంచు తెరుచుకుంటుంది. ఈ ఫొటోలో ముందు తలుపు అందుకు తిరగబడి ఉంది. ముందు అంచు తెరుచుకుంది, బందులు నడుమ స్తంభానికి ఉన్నాయి. వెనక తలుపు బందులు కూడా ఆ స్తంభానికే. అంటే రెండు తలుపులూ తెరిస్తే పుస్తకం అట్టల్లాగా చెరోవైపు విచ్చుకుంటాయి. అది పాత ఫియట్ 1100. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు కుర్లాలో తయారుచేసింది. 1964లో వచ్చిన 1100డి నుంచి ముందు తలుపు కూడా అందరి కార్లలాగే మారిపోయింది. అదే బండి పేర్లు మారుతూ ప్రెసిడెంట్ అయి, 1974లో పద్మిని అయింది. కాబట్టి ఈ కారు 1964కు ముందు తయారైంది. ఫొటో ఎప్పటిదో మాత్రం దీన్నిబట్టి చెప్పలేను, పాత కారు కొన్నా కొని ఉండవచ్చు.

మా నాన్నగారి షెడ్డులో అలాంటిది ఒకటి నాలుగేళ్లు నిలబడి ఉండేది. నేను నడక నేర్చుకున్నది దాన్ని పట్టుకునే అని మా అమ్మ చెబుతుంది.

పొగతోట_అమ్మాయి
అమ్మకు చదివి వినిపించాను. మామయ్యకు ఫోను చేయడానికి లోపలికి వెళ్లింది.

కందుకూరు_ట్యాక్సీ
అమ్మా, మీ మామయ్య మీద కోపం వద్దు. మా వైపు ఏ కారు వచ్చినా అంబాసిడరే అనేవారు. ఊళ్లోకి వచ్చే కార్లలో ఎక్కువ అవే మరి. నేను కందుకూరులో 1982 నుంచి ఇరవై ఏళ్లు అంబాసిడర్ ట్యాక్సీ నడిపాను. పెళ్లిళ్ల రోజుల్లో పన్నెండు మందిని ఎక్కించిన సందర్భాలున్నాయి. ముందు సీటు సోఫాలాగా ఒకటే ఉండేది, గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది కాబట్టి కాళ్లకు అడ్డం లేదు. ముందు నలుగురు కూర్చుంటే నేను తలుపుకు అతుక్కుని సగం శరీరం బయట పెట్టి నడిపేవాణ్ణి. అది తప్పే, ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. అప్పట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు.

పొగాకు వేలాల కాలంలో రైతులు నలుగురైదుగురు కలిసి కారు మాట్లాడుకునేవారు. వెళ్లేటప్పుడు మాటా పలుకూ ఉండేది కాదు. ధర బాగా వచ్చిన రోజు తిరుగు ప్రయాణంలో సింగరాయకొండ దగ్గర ఆపించి నాకు కూడా భోజనం పెట్టించేవారు. రాని రోజు నేనే కిరాయి గట్టిగా అడిగేవాణ్ణి కాదు. కారులో వెనక సీట్లో కూర్చున్న మనిషి నిట్టూర్పు వింటే చాలు, ఆ రోజు కిలో ఎంతకు పోయిందో తెలిసేది.

ఒంగోలు_గిత్త
ఈ పోస్టు చదివి మా నాన్న గుర్తొచ్చారు. మాదీ పొగాకు ఇల్లే.

కోవూరు_వాసి
కారు సంగతి తేలింది కాబట్టి ఊరు నేను చెబుతాను. అది నెల్లూరు రంగనాయకుల గుడి గోపురం. నీళ్లు పెన్నావి. గుడి నదికి దక్షిణ ఒడ్డున ఉంది కాబట్టి ఫొటో మా కోవూరు వైపు గట్టు నుంచి తీశారు. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన గోపురం, మసకలో అయినా పోల్చగలను.

బుచ్చి_రైతు
అంత నమ్మకంగా చెప్పకండి. నాకు జొన్నవాడ కామాక్షమ్మ గుడి లాగా కనిపిస్తోంది. అదీ పెన్నా ఒడ్డే.

కోవూరు_వాసి
జొన్నవాడ ఉత్తర ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డు నుంచి, అంటే నరసింహకొండ వైపు నుంచి తీసి ఉండాలి. మరి కొండ ఏది? ఫొటోలో కొండ లేదు.

బుచ్చి_రైతు
కొండ వైపు నిలబడి గుడిని ఫొటో తీస్తే కొండ తీసేవాడి వీపు వెనక ఉంటుంది. ఫొటోలో ఎలా పడుతుంది?

కోవూరు_వాసి
అది నిజమే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గోపురం మాత్రం రంగనాయకులదే.

ఎర్రబస్సు
మీరు గోపురం తేల్చేలోపు నేను ఇంకో సంగతి అడుగుతాను. కనుమ నాడు కాకైనా కదలదు అంటారు కదా. పైగా 1960ల నాటి పెద్దలు. కనుమ రోజున కొత్త కారు, దండ వేసి, ఇల్లాలిని కూర్చోబెట్టుకుని ఏటి గట్టుకు ఎందుకు వెళ్లారు? మా ఇంట్లో ఇప్పటికీ కనుమ నాడు పక్క ఊరికి వెళ్లనివ్వరు.

పొగతోట_అమ్మాయి
మా ఇంట్లో కూడా అంతే! ఇది నాకు తట్టనే లేదు. గారెలు, కోడికూర తిని పడుకోవాల్సిన రోజు అది.

మార్కాపురం_పలక
ఊరు, కారు, కనుమ మూడూ పక్కన పెట్టి ఆ నంబరు పలక సంగతి చూద్దాం. జిల్లా అక్షరాలు దండ కింద ఉండిపోయాయి. అవి కనిపించి ఉంటే సగం పని అయిపోయేది. 1989 తర్వాత అయితే నెల్లూరుకు ఏపీ 26, ప్రకాశానికి ఏపీ 27 అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయాక ఆ ముచ్చట పోయింది. హైదరాబాద్ రోడ్డు మీద ఏపీ 27 కనిపిస్తే హారను కొట్టి చెయ్యి ఊపేవాణ్ణి. ఇప్పుడు ముందు వెళ్లేది మన ఊరి బండో శ్రీకాకుళం బండో తెలియదు.

ఒంగోలు_గిత్త
నేనూ ఊపేవాణ్ణి.

ట్రంకురోడ్డు
1964లో ప్రకాశం జిల్లానే లేదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా మొదలై, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుంది. అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది, కందుకూరు, కనిగిరి నెల్లూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. అంటే తర్వాత మనం అందరం ఒకే జిల్లా బండ్లు అనుకున్నవి అప్పట్లో మూడు జిల్లాల అక్షరాలతో తిరిగేవి.

నా పేరు చూసి నెల్లూరువాణ్ణి అనుకుంటారు, కాదు. ఒంగోలులో కూడా ట్రంకు రోడ్డు ఉంది. రెండు ఊళ్లలోనూ ఆ పేరు ఒకే దారి నుంచి వచ్చింది. మద్రాసు నుంచి కలకత్తా వైపు వెళ్లే గ్రేట్ నార్తర్న్ ట్రంకు రోడ్డు అది. బైపాసులు రాకముందు దూరపు లారీలన్నీ ఊరి నడుమ నుంచే వెళ్లేవి. మా ఇల్లు రోడ్డు మీదే. రాత్రి రెండు గంటలకు టాటా మెర్సిడెస్ లారీ గేరు మారిస్తే గూట్లో ఇత్తడి గ్లాసులు గలగలమనేవి. ఏ రాత్రయినా ఆ చప్పుడు లేకపోతే అమ్మ లేచి కూర్చునేది, ఎక్కడో ప్రమాదం జరిగి దారి ఆగిందేమో అని. తర్వాత ఆ దారి ఊరి బయటికి వెళ్లిపోయింది, 5వ నంబరు పోయి 2010లో 16వ నంబరు జాతీయ రహదారి అయింది. గ్లాసులు ఇప్పుడు కదలవు. అమ్మకు మాత్రం ఇప్పటికీ రెండింటికి మెలకువ వస్తుంది.

నెల్లూరు_పెద్దబజారు
మద్రాసు బస్టాండు, ఆత్మకూరు బస్టాండు అనే పేర్లు కూడా అలాంటివే కదా. ఊరికి కొత్తగా వచ్చినవారికి ఆటో డ్రైవరు 'మద్రాసు బస్టాండు' అంటే, మద్రాసు పేరు చెన్నై అయి పాతికేళ్లు దాటినా ఇదేమిటి అని చూస్తారు. ఆ పేర్లు మార్చకూడదు. నేను గట్టిగా అంటున్నాను.

ఉదయగిరి_కోట
పాత కార్లంటున్నారు కాబట్టి అంతకంటే పాత సంగతి చెబుతాను. మా నాయనమ్మ పెళ్లి బృందం బొగ్గు బస్సులో వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పెట్రోలు కోటా మీద వచ్చేది, బస్సులకు చాలేది కాదు. అందుకని బస్సు వెనక మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించి, అందులో కర్రబొగ్గు వేసి కాల్చేవారు. గాలి తక్కువగా అందేటట్లు చేస్తే బొగ్గు పూర్తిగా కాలదు, మండే గ్యాసు వస్తుంది. దాన్ని గొట్టాల్లో చల్లబరిచి, మసి వడగట్టి ఇంజనుకు పంపేవారు. బయలుదేరేముందు క్లీనరు పావుగంట సేపు చేత్తో పంకా తిప్పాలి. పెట్రోలుతో వచ్చినంత బలం దానితో రాదు. ఎత్తు వస్తే మగవాళ్లందరూ దిగి తోయాలి. పెళ్లికొడుకు కూడా దిగి తోశాడట. దిగినప్పుడు పట్టుపంచె, ఎక్కినప్పుడు బొగ్గుపంచె అని నాయనమ్మ చివరిదాకా నవ్వుతూ చెప్పేది.

స్పానర్_సెట్టు
ఆ గ్యాసులో ముఖ్యమైనది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, పీలిస్తే ప్రాణాలకే ముప్పు. డ్రమ్మును బస్సు లోపల కాక బయట వెనక బిగించడం మంచిదయింది.

కొత్తపట్నం_అల
బస్సులు, లారీల కంటే ముందు మా వైపు సరుకంతా బకింగ్‌హామ్ కాలువ మీదే పోయేది. 1877-78 కరవు రోజుల్లో పనులు చూపించడానికి దాన్ని పొడిగించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. సరుగుడు కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో మద్రాసు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నుంచి తాడుతో లాగేవారు. మా తాత ఆ తాడు లాగిన మనిషి. కుడి భుజం మీద కాయ కాసి ఉండేది, వేలితో నొక్కినా తెలియదనేవాడు. లారీలు వచ్చాయి, తుపానులు కొట్టాయి, కాలువ పూడిపోయింది. కార్ల గురించి మాట్లాడేచోట పడవ గురించి రాశానని ఏమీ అనుకోకండి.

పొగతోట_అమ్మాయి
అనుకోవడమా! ఇలాంటివి ఇంకా రాయండి.

వెంకటగిరి_నేత
మోపెడ్లను ఎవరూ తలుచుకోలేదు. మా నాన్న బడిపంతులు, ఆయన జీవితంలో కొన్న ఒకే ఒక్క బండి సువేగా. ముందు సైకిలు లాగా తొక్కాలి, తర్వాత ఇంజను అందుకుంటుంది. ఎదురుగాలిలో మళ్లీ తొక్కి దానికి సాయం చేయాలి. అది లూనా వాళ్లదే కదా?

స్పానర్_సెట్టు
కాదండీ. లూనా పుణె కైనెటిక్ వారిది, 1972లో వచ్చింది. సువేగా మన తిరుపతిలో తయారైంది. మోపెడ్స్ ఇండియా అనే సంస్థ ఫ్రాన్సు వారి మోటోబెకాన్ నుంచి సాంకేతికత తీసుకుని చేసింది. మీ వెంకటగిరి నుంచి రెండు గంటల దూరంలో పుట్టిన బండి.

వెంకటగిరి_నేత
ఇన్నేళ్లూ తెలియదు. నాన్న ఉంటే చెప్పేవాణ్ణి. ఆయన దాన్ని పుణె బండి అనుకునే తుడిచేవారు.

ఒంగోలు_గిత్త
కందుకూరు ట్యాక్సీ గారూ, మన్నేరు ఇసుకలో కార్లు దిగబడేవట కదా? మా మేనమామ చెప్పేవారు.

కందుకూరు_ట్యాక్సీ
దిగబడటం కాదు, కూరుకుపోయేవి. అది బయటికి మెత్తగా కనిపించదు, పైన పెచ్చు కట్టి ఉంటుంది. ఒకసారి ఒడ్డు నుంచి పది గజాలు పోయానో లేదో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగాయి. తిప్పినకొద్దీ ఇంకా లోతుకు పోతుంది. పక్క పొలంలో ఒక పెద్దాయన ఒంగోలు ఎడ్లతో దున్నుతున్నాడు. కాడి విప్పకుండానే తెచ్చి, ముందు బంపరుకు కాక కింద ఇరుసుకు తాడు కట్టమన్నాడు. బంపరుకు కడితే బంపరు వస్తుంది, బండి రాదు అన్నాడు. నాకు తెలియని పాఠం అది. ఎడ్లు ఒక్కసారి మోకాళ్ల మీదికి వంగి లేచాయి. కారు మట్టిలో నుంచి దుంప పెరికినట్టు వచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఎడ్లకు రెండు కట్టలు జొన్నచొప్ప కొనిపెట్టమన్నాడు. సాయంత్రం తెచ్చి వేశాను.

నెల్లూరు_పెద్దబజారు
ఆ ఎడ్లనే బ్రెజిల్‌లో 'నెలోర్' అంటారు. కాబట్టి అవి మావి.

ఒంగోలు_గిత్త
పేరు మీరు ఉంచుకోండి, ఎడ్లు మావి.

కావలి_సైన్సుమాస్టారు
గోపురం తగవు ఇంకా తేలలేదు కదా. మొదటి పోస్టు మళ్లీ చదివి ఫొటో పెద్దది చేసి చూశాను. ఎవరూ నీడ చూడలేదు. తాతగారి నీడ ఫొటో తీసిన మనిషి వైపు పడింది, ముఖం చీకటిగా ఉంది. అంటే సూర్యుడు గోపురం వైపు ఉన్నాడు. వెనక 'కనుమ' అని రాశారు, అంటే జనవరి మధ్య. ఆ రోజుల్లో మన ప్రాంతంలో సూర్యుడు తూర్పున లేచి పడమట దిగేదాకా దక్షిణంగానే నడుస్తాడు, మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుంది. కాబట్టి కెమెరా దక్షిణానికి చూస్తోంది. గోపురం దక్షిణ ఒడ్డున ఉంది. జొన్నవాడ అయితే ముఖం మీద ఎండ పడాలి.

కోవూరు వాసి గారే సరి. రంగనాయకుల గుడి.

బుచ్చి_రైతు
ఒప్పుకున్నాను మాస్టారూ. మీ దగ్గర చదువుకుని ఉంటే బాగుండేది.

కోవూరు_వాసి
నేను కళ్లతో చెప్పింది మీరు నీడతో చెప్పారు. ఇంకో మాట. గోపురానికి కుడివైపు నీళ్లలో ఒక సన్న గీత ఉంది, దాని కింద తెల్లగా ఉంది. అది పాత ఆనకట్ట, తెల్లనిది దాని మీద నుంచి దూకే నీటి నురగ అయి ఉండాలి. ఇంగ్లీషువారి కాలంలో కట్టిన ఆనకట్ట అది. సంక్రాంతికి పెన్నాలో నీళ్లు ఉండటం కూడా సరిపోతుంది, మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. ఎండాకాలం అయితే అక్కడ ఇసుకే కనిపించేది. 2022 సెప్టెంబరులో కొత్త నెల్లూరు బ్యారేజీ మొదలైంది కాబట్టి ఈ దృశ్యం ఇప్పుడు ఇలా ఉండదు. ఈ ఫొటో దాచుకోండమ్మా. ఇలాంటిది మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

ఎర్రబస్సు
కారు తేలింది, ఊరు తేలింది. కనుమ మాత్రం తేలలేదు. నేను వదలను.

పొగతోట_అమ్మాయి
మొన్న బెంగళూరు వెళ్లి వచ్చాను. ఫొటో పెద్దది చేయించి పట్టుకెళ్లాను. అమ్మమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, ముందు తాతయ్య పంచె అంచు మీద వేలు పెట్టింది. ఆ తర్వాత మాట్లాడింది. గుర్తున్నంత వరకు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

కారు కొత్తది కాదు. మద్రాసులో ఒక డాక్టరుగారు వాడినది. భోగి రోజు పొద్దున బయలుదేరి తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా సాయంత్రానికి నెల్లూరు చేరింది. నెహ్రూగారు పోయారని రేడియోలో విన్న ఏడాదేనట, దానికి కొన్ని నెలల ముందు. అంటే 1964 జనవరి. స్పానర్ సెట్టు గారు తలుపు చూసి చెప్పినది, మాస్టారు నీడ చూసి చెప్పినది, అమ్మమ్మ మాట, అన్నీ ఒకే చోటికి వచ్చాయి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

కనుమ సంగతి. తాతయ్యకు కారు నడపడం రాదు! మద్రాసు నుంచి కారు తెచ్చిన డ్రైవరు పండగ మూడు రోజులే ఉంటానన్నాడు, ముక్కనుమ పొద్దున రైలెక్కాలి. సంక్రాంతి నాడు ఇల్లంతా చుట్టాలు, కదలడానికి లేదు. కనుమ ఒక్కటే మిగిలింది. ముత్తమ్మమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి వద్దంది. తాతయ్య వినలేదు. నది దాటి కోవూరు దాకా వెళ్లి వచ్చేస్తామన్నారు.

వెళ్లేటప్పుడు గాలికి అమ్మమ్మ వైపు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. ఆమె పైటచెంగు బయటికి ఎగిరింది. డ్రైవరు వెంటనే ఆపాడు కాబట్టి ఏమీ కాలేదు. పిడి గొళ్లెం అరిగిపోయి ఉందట. తాతయ్య భుజం మీది కండువా తీసి తలుపు పిడికి కట్టి, రెండో కొస అమ్మమ్మ చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నారు. మేం పూజ గుడ్డ అనుకున్నది ఆ కండువా. గట్టు మీద కారు ఆపినప్పుడు స్నేహితుడు ఒకాయన ఫొటో తీశారు. తలుపు తెరిచినా ఆమె కొస వదల్లేదు. పెద్దది చేసిన ఫొటోలో చూస్తే నిజంగానే కండువా కొస ఆమె పిడికిట్లో ఉంది.

కందుకూరు_ట్యాక్సీ
ముందు అంచు తెరుచుకునే తలుపుకు అదే ప్రమాదం. మామూలు తలుపును గాలి మూస్తుంది, దాన్ని గాలి లాగి తెరుస్తుంది. గొళ్లెం గట్టిగా ఉంటే ఏమీ కాదు. తాతగారు మంచి పని చేశారు.

ఎర్రబస్సు
ముత్తమ్మమ్మగారికి ఈ తలుపు సంగతి తెలిసిందా?

పొగతోట_అమ్మాయి
నేనూ అదే అడిగాను. చెప్పలేదంది. ముగ్గురూ మాట్లాడుకుని దాచారట. అరవై ఏళ్ల తర్వాత మొదట నాకే చెప్పింది. అమ్మకు, మామయ్యకు కూడా తెలియదు.

స్పానర్_సెట్టు
తాతగారు తర్వాత నడపడం నేర్చుకున్నారా?

పొగతోట_అమ్మాయి
నేర్చుకున్నారు. కానీ ఆ కారును మూడేళ్లకే అమ్మేశారు. గొళ్లెం మార్పించారు, అయినా అమ్మమ్మ ముందు సీట్లో కూర్చున్నప్పుడల్లా చేత్తో కండువా కోసం వెతికేదట.

కోవూరు_వాసి
ఈ ఆదివారం పొద్దున ఆ గట్టు మీదికి వెళ్తాను. ఫొటో పెద్దది నాకు పంపండి. ఆనకట్ట గీత, గోపురం రెండూ కుదిరే చోటు వెతికి, అక్కడి నుంచి ఇప్పుడు ఎలా ఉందో తీసి పెడతాను.

కావలి_సైన్సుమాస్టారు
పొద్దున వద్దు, మధ్యాహ్నం వెళ్లండి. ఫొటోలో తాతగారి నీడ ఎంత పొడుగు ఉందో చూసుకుని వెళితే గంట కూడా కుదురుతుంది. నేనూ వస్తాను. కావలి నుంచి పదింటి బస్సుకు.

బుచ్చి_రైతు
నేను బండి మీద వచ్చేస్తాను. జొన్నవాడ అని వాదించినందుకు మధ్యాహ్నం భోజనం నాది.